రాయి వచ్చే దారి

కొండ మీది నుంచి

వదినా,

ఈసారి ఉత్తరం ఆలస్యమైందని మూతి ముడుచుకునే ఉంటావు. ఉత్తరాలు తీసుకెళ్ళే సామాన్ల వ్యాను మలుపులో చెడిపోయి ఒక వారం ఎగ్గొట్టింది. నా తప్పేం లేదు. ఇక్కడికి సెల్‌ఫోను తేనివ్వరని ఎన్నిసార్లు చెప్పినా "అదేం ఉద్యోగమే తల్లీ" అంటావు. మేము పైకి పంపిన రేడియో తరంగం ఎక్కడో ఒక రాయికి తగిలి తిరిగొచ్చేసరికి ఉందా లేదా అన్నట్టుంటుంది. పక్క గదిలో ఒక్క ఫోను ఉన్నా ఆ చప్పుడులో అది మునిగిపోతుంది. మా స్టేషను పెద్దాయన గదిలో తీగ ఫోను ఉంది గానీ, దాంట్లో మాట్లాడితే ఆఫీసంతా చెవులు రిక్కించి వింటుంది. అందుకని నా దస్తూరీ నీకు తప్పదు.

అన్నయ్య ఎలా ఉన్నాడో నిజం రాయి. "బాగానే ఉన్నారు" అని ఒక్క ముక్కలో తేల్చెయ్యకు. ముప్పై ఏళ్ళు పాలిషింగ్ షెడ్డులో పీల్చిన రాతిపొడి ఊపిరితిత్తుల్లో గడ్డకట్టుకుపోయిందని డాక్టరు చెప్పిన రోజు నేనూ పక్కనే ఉన్నాను. ఆ ఆక్సిజన్ మిషను రోజంతా పెట్టుకుంటున్నాడా, లేక నువ్వు అటు తిరగ్గానే తీసి పక్కన పెడుతున్నాడా?

ఆయనకు నచ్చే కబురు ఒకటుంది. కొత్త రాయి దొరికింది. కనిపెట్టింది మేము కాదు, వేరే దేశంలో టెలిస్కోపు వాళ్ళు. దాని దారి లెక్క కట్టే పనిలో నేనూ ఉన్నాను. అడ్డంగా కొలిస్తే మన వీధి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఉంటుంది. బొగ్గులా నల్లగా ఉండి, నాలుగు గంటలకొకసారి తన చుట్టూ తాను తిరుగుతోంది. సూర్యుడి చుట్టూ తిరిగి రావడానికి మనకన్నా రెండు నెలలు ఎక్కువ పడుతుంది. భూమి నడిచే దారిని ఒకచోట దాటుతుంది కాబట్టి దాని మీద ఒక కన్నేసి ఉంచాలి. ఇది పాలిష్‌కు పనికొస్తుందా అని అన్నయ్య అడుగుతాడు, నాకు తెలుసు. పనికిరాదని చెప్పు.

నీ ఆడపడుచు


ఇంటి నుంచి

లెక్కలమ్మకు,

మీ అన్నయ్య పెట్టిన పేరుతోనే పిలుస్తున్నాను, వేరే పేరైతే పలకవు కదా.

నిజం రాయమన్నావు. రాస్తున్నాను. మంచం దిగి కిటికీ దగ్గరి కుర్చీ దాకా నడిస్తే ఆ పూటకు అంతే. మాట మధ్యలో ఆగి గాలి తీసుకుంటున్నారు. ఎదుటివాళ్ళు ఆ సందులో జాలి చూపించబోతే మండిపడుతున్నారు. మిషను తీయడం లేదు, తీస్తే పెదాలు నల్లబడుతున్నాయి. కరెంటు పోయినప్పుడు మాత్రం కష్టం. మిషను ఆగిపోయి సిలిండరుకు మార్చాలి. ఆ గొట్టం బిగించేటప్పుడు నేను మరను తప్పు వైపు తిప్పుతుంటే ఆయన నవ్వుతారు. వీధి మొదట్లో సిలిండర్ల కొట్టు ఉంది చూడు, ఆ కొట్టాయన మంచి మనిషి. ఒకటి ఖాళీ అయిందని కబురు పెడితే చాలు, తానే భుజాన వేసుకుని మెట్లెక్కి నిండుది పెట్టిపోతాడు. ఆయన లేకపోతే ఈ ఇల్లు నడవదు.

నీ రాయి కథ చదివి వినిపించాను. అనుకున్నట్టే అడిగారు. పనికిరాదన్నావని చెబితే, "చూడకుండా ఎలా చెబుతుంది, పెద్ద వచ్చింది" అన్నారు. ఆ పూటంతా హుషారుగా ఉన్నారు. ఇంకా రాయి.

పేపర్లో కూడా వేశారు. భూమికి తగిలే అవకాశం ఎనిమిది వందల్లో ఒకటి అట. అంటే ఏమిటి? భయపడాలా వద్దా? మా పాల అబ్బాయి అడిగితే, మా ఆడపడుచు చూసుకుంటోందిలే అన్నాను.

మీ వదిన


కొండ మీది నుంచి

వదినా,

నేను చూసుకుంటున్నానని చెప్పావా? నేను చూడగలను గానీ పక్కకు నెట్టలేను కదా.

అన్నయ్యకు ఇది చదివి వినిపించు. మా రాయి ఒకే బండ కాదు. మీ షెడ్డు వెనకాల ముక్కలూ పొడీ పారబోసే కుప్ప ఉండేది కదా, అలాంటిది. ఒకప్పుడు ఏదో పెద్దది బద్దలై, ఆ ముక్కలు ఒకదాన్నొకటి పట్టుకుని గుంపుగా పోతున్నాయి. లోపల సగం ఖాళీ. దాని దారి లెక్క తేలకపోవడానికి అదొక కారణం. ఎండ తగిలి వేడెక్కిన పక్క తిరిగి నీడలోకి వెళ్ళాక ఆ వేడిని కక్కుతుంది. ఆ కక్కడంలో రాయి వెంట్రుకవాసి పక్కకు జరుగుతుంది. రోజూ అంతే జరిగితే, ఏళ్ళు గడిచేసరికి ఎక్కడ తేలుతుందో చెప్పడం కష్టం.

ఇక నీ ప్రశ్న. దాని దారీ మన దారీ ఒక కూడలిలో కలుస్తాయి. చలికాలం మొదట్లో మనం ఆ కూడలికి చేరతాం. అదే పూటకు అదీ చేరుతుందా, కాస్త ముందో వెనకో పోతుందా అన్నదే లెక్క. ఇప్పుడు ఎనిమిది వందల్లో ఒకటి కాదు, నూట పదిలో ఒకటి. కంగారుపడకు. ఇంట్లో ఉంగరం పోయిందనుకో. ఒక్కో గదీ వెతికి లేదనుకున్న కొద్దీ మిగిలిన గది మీద అనుమానం పెరుగుతూనే ఉంటుంది. తీరా ఆ గదీ వెతికితే అందులోనూ ఉండదు, ఉంగరం బజార్లో జారిపోయి ఉంటుంది. మా లెక్కలూ అలాగే పెరిగి పెరిగి ఒక రోజు సున్నా అయి కూర్చుంటాయి. ఇదివరకు చాలా రాళ్ళ విషయంలో అలాగే జరిగింది.

అన్నట్టు మీ అక్కావాళ్ళ కొత్త ఇంట్లో గదులు ఎన్ని? ఆ ఊళ్ళో ఆసుపత్రి దగ్గరేనా? ఊరికే అడుగుతున్నాను.

నీ ఆడపడుచు


ఇంటి నుంచి

లెక్కలమ్మకు,

నిన్ను పదమూడేళ్ళ వయసు నుంచి చూస్తున్నాను. పరీక్ష పోయిన రోజు కూడా ఇలాగే వచ్చి, "వదినా, ఆ కర్టెన్లు ఎక్కడ కొన్నావు" అని అడిగావు. మా అక్క ఇంట్లో గదులెన్నో నీకెందుకు? ఆవిడ పెళ్ళికొచ్చి అలిగి భోజనం చెయ్యకుండా వెళ్ళిపోయిన దానివి నువ్వు. ఏం దాస్తున్నావో చెప్పు.

నీ ఉంగరం కథ మీ అన్నయ్యకు చదివాను. చివరి ముక్క మళ్ళీ చదవమన్నారు. తర్వాత, "దానికి భయంగా ఉంది" అన్నారు. నీకు భయమైతే మాకు ఎవరు ధైర్యం చెప్పాలి?

పేపర్లో ఇప్పుడు నలభైలో ఒకటి అని వేశారు. తగిలితే ఎక్కడ తగులుతుందో మాత్రం వెయ్యలేదు. ఎక్కడైనా కావచ్చట, సముద్రంలోనే పడొచ్చట. మీ వాళ్ళకు తెలియదా, తెలిసీ చెప్పడం లేదా? ఇంట్లో కదలలేని మనిషి ఉన్నారు. కదిలించాలంటే నాకు ముందుగా తెలియాలి. చివరి నిమిషంలో తెలిస్తే నేనేం చెయ్యగలను? ఈ ఉత్తరానికి జవాబులో కబుర్లు వద్దు.

మీ వదిన


కొండ మీది నుంచి

వదినా,

ఈ ఉత్తరం పోస్టులో రాదు. వ్యాను డ్రైవరు చేతికిచ్చి, నీ చేతికే ఇవ్వమని చెప్పాను. చదివాక చింపెయ్యి.

ఎక్కడైనా కావచ్చు అన్నది నిజం కాదు. రాయి ఏ వైపు నుంచి వస్తుందో తెలుసు, ఆ వేళకు భూమి ఏ ముఖం అటు తిప్పి ఉంటుందో తెలుసు. తగిలితే ఒక సన్నని గీత మీదే ఎక్కడో ఒకచోట తగలాలి. ఆ గీత చాలావరకు సముద్రం మీదా, మనుషుల్లేని నేల మీదా పోతుంది. మిగిలిన కాస్తలో మన ఊరుంది. ఊరికి దగ్గరగా అని కాదు, ఊరి మీదుగానే. మ్యాపు మీద మొదటిసారి చూసినప్పుడు కింద మన వీధి పేరు చదవగలిగాను. తప్పు చదివానేమోనని మళ్ళీ చదివాను.

మాలాగే రాళ్ళను చూసే రెండో స్టేషను వాళ్ళు కూడా లెక్క కట్టి సరిపోయిందంటే గానీ గీత బయటపెట్టకూడదని నియమం. అది మంచి నియమమే. గీత కొంచెం అటూ ఇటూ అయితే అనవసరంగా ఒక ఊరు ఊరే ఖాళీ అవుతుంది. ఆ నియమం మీద నేనూ సంతకం పెట్టాను. ఇప్పుడు తప్పుతున్నాను.

ఇక కొన్నాళ్ళు కొత్తగా ఏమీ తెలియదు. రాయి సూర్యుడి పక్కకు చేరింది, ఆ వెలుగులో ఏ టెలిస్కోపుకూ కనపడదు. మా రేడియోకు ఇంకా అందదు. అందే దూరానికి వచ్చేసరికి చలికాలం గుమ్మంలో ఉంటుంది. అప్పుడు ఒక్క ప్రతిధ్వని చాలు, ఇటో అటో తేలిపోతుంది. కానీ అప్పుడు బయలుదేరితే రోడ్డు మీద జనం ఉంటారు. ఉంగరం సంగతి నీకు చెప్పింది నేనే, లెక్క ఇలాగే పెరిగి సున్నా అవుతుందని నాకు తెలుసు. తెలిసినా అది నన్ను ఆదుకోవడం లేదు. వేరే ఊరి మీద గీత పడి ఉంటే ఆగి చూద్దాం అనేదాన్ని. అన్నయ్యను తీసుకుని మీ అక్క దగ్గరికి వెళ్ళిపో. ఎవరికీ చెప్పకు.

నీ ఆడపడుచు


ఇంటి నుంచి

లెక్కలమ్మకు,

చింపేశాను. చింపినా ఏం లాభం, ప్రతి ముక్కా కళ్ళ ముందే ఉంది.

డాక్టరును అడిగాను, ఊరు మారితే ఎలా ఉంటుందని. మా అక్క వాళ్ళ ఊరికి రోడ్డు మీద ఒక పగలంతా పడుతుంది, మధ్యలో కొండదారి. బండిలో మిషను పనిచెయ్యదు కాబట్టి సిలిండర్ల మీదే వెళ్ళాలి. దారి పొడుగునా నాలుగైనా కావాలన్నారు. అన్నీ ఉన్నా ఆ కుదుపులకు తట్టుకుంటారని హామీ ఇవ్వలేనన్నారు. "ఇప్పుడు ఎందుకు మార్చడం, అంత అవసరమేమొచ్చింది" అని నా ముఖంలోకి చూశారు.

మీ అన్నయ్యకు చెప్పక తప్పలేదు. చెప్పాను. గాలి కూడగట్టుకుని, "రాయి పడితే అందరికీ ఒకేసారి. దారిలో ఊపిరాగితే నాకొక్కడికే. నన్ను ఒంటరిగా పంపకు" అన్నారు. అది వేళాకోళమో ఏడుపో నాకు అర్థం కాలేదు. నువ్వు వెళ్ళు, నేనుంటాను అని కూడా అన్నారు. ఆ మాటకు మాత్రం నాకు ఒళ్ళు మండి పక్క గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను.

వెళ్ళాలో వద్దో తేలేలోపు సిలిండర్లయినా సిద్ధంగా ఉండాలి కదా. కొట్టాయన దగ్గరికి వెళ్ళి ఎందుకైనా మంచిదని ఆరు కావాలన్నాను. ఒక్క ఇంటికి ఒకేసారి ఆరు ఇవ్వరట, మిగతా రోగులకు చాలవట. ఎందుకని అడిగాడు. ప్రయాణం అన్నాను. ఇలాంటి మనిషితో ప్రయాణమేమిటమ్మా అని నవ్వాడు. ఆరూ ఇవ్వకపోతే నేను కదలలేను. నీ మాట చెప్పాను. ఆయన ఒక్కడికే, నోరు విప్పనని ఒట్టు వేయించుకుని చెప్పాను. ముఖం పాలిపోయింది. రేపు సర్ది ఉంచుతానన్నాడు.

కోప్పడకు. ఆయన చాలా నమ్మకస్తుడు.

మీ వదిన


కొండ మీది నుంచి

వదినా,

ఎందుకు చెప్పావు? ఎవరికీ చెప్పకు అని రాశాను కదా. ఆయన నమ్మకస్తుడే కావచ్చు, ఆయనకు పిల్లలు లేరా? నేను నా వాళ్ళ కోసం నియమం తప్పినట్టే, ఆయనా తన వాళ్ళ కోసం మాట తప్పుతాడు.

ఇక్కడ అప్పుడే తెలిసిపోయింది. మన ఊళ్ళో గీత గురించి మాట్లాడుకుంటున్నారని పెద్దాయనకు ఎవరో ఫోను చేశారు. అందరినీ గదిలోకి పిలిచి ఒక్కొక్కరినీ అడిగారు. నా వంతు వచ్చేసరికి, "మీది ఆ ఊరే కదా" అని మాత్రం అన్నారు. నేను అవునన్నాను. ఆయన ఇంకేమీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

ఆరు సిలిండర్లూ చేతికొచ్చాయా లేదా, వెంటనే రాయి. వచ్చి ఉంటే ఇంక ఆలోచించకు, బయలుదేరు. రాకపోతే ఆసుపత్రిలో చేర్పించు, అక్కడైతే కరెంటు పోయినా జనరేటరు ఉంటుంది.

నిన్ను కసిరినందుకు ఏమీ అనుకోకు. చెప్పింది నువ్వే అయినా మొదట చెప్పింది నేను.

నీ ఆడపడుచు


ఇంటి నుంచి

లెక్కలమ్మకు,

సిలిండర్లు రాలేదు. మర్నాడు వెళ్ళేసరికి కొట్టుకు తాళం. ఒక లారీ మాట్లాడుకుని, పిల్లలనూ తల్లినీ ఉన్న సరుకునూ ఎక్కించుకుని తెల్లారేసరికే వెళ్ళిపోయాడట. తిట్టుకోవాలంటే నాకు నోరు రావడం లేదు. వెళ్ళేముందు ఒక నిండు సిలిండరు మన మెట్ల కింద పెట్టిపోయాడు. ఒక్కటి.

ఆ లారీని చూసి పక్కింటివాళ్ళు అడిగారు, వాళ్ళను చూసి ఎదురింటివాళ్ళు సర్దుకున్నారు. ఇప్పుడు వీధిలో మనుషులున్న ఇళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. బేకరీ మూసేశారు. బడి మూసేశారు. ఆసుపత్రికి వెళ్ళాను. నర్సులు సగం మంది రావడం లేదు, కొత్తవాళ్ళను చేర్చుకోవడం లేదు. ఉన్నవాళ్ళనే ఇళ్ళకు పంపుతున్నారు. మన డాక్టరు మాత్రం ఉన్నారు. గుమ్మం దాకా వచ్చి, ఇంట్లోనే ఉంచండమ్మా, కరెంటు ఉన్నంతవరకు మీకు ఇల్లే నయం అన్నారు.

కరెంటే సరిగ్గా లేదు. తీగలు బాగుచేసేవాళ్ళు కూడా మనుషులే కదా, వాళ్ళూ పోయారు. పోయిందంటే ఎప్పుడొస్తుందో తెలియదు. సిలిండరును పొదుపుగా వాడుతున్నాను. గాలి తగ్గించి పెడితే ఆయన మెడ నరాలు తాళ్ళలా లేస్తున్నాయి, పెంచితే ఎక్కడ అయిపోతుందోనని మళ్ళీ తగ్గిస్తున్నాను.

"మా చెల్లి ఏమంటోంది" అని రోజూ అడుగుతున్నారు. లెక్క కడుతోంది అని చెబుతున్నాను. త్వరగా కట్టు తల్లీ.

మీ వదిన


కొండ మీది నుంచి

వదినా,

తగలదు.

ఈ పొద్దున రాయి మా రేడియోకు అందింది. ప్రతిధ్వని వచ్చింది. లెక్క తిరగేసి మూడుసార్లు కట్టాను. చందమామ ఉన్న దూరంలో సగానికి పైగా అవతల నుంచి పోతుంది. నలభైలో ఒకటీ లేదు, లక్షలో ఒకటీ లేదు, సున్నా. మనం కూడలికి చేరేసరికి అది దాటిపోయి చాలాసేపవుతుంది. తెర మీద దాని ఆకారం కూడా కనిపించింది. ఒక పక్క సొట్టపోయిన మూటలా ఉంది, నడుం దగ్గర పెద్ద బండ ఒకటి పొడుచుకొచ్చి ఉంది. అన్నయ్యకు చెప్పు, పాలిష్ పట్టడానికి ఆ ఒక్క బండ పనికిరావచ్చు.

రెండో స్టేషను సరే అనేదాకా చెప్పకూడదన్నారు. నేను పెద్దాయన గదిలోకి వెళ్ళి, ఆయన చూస్తుండగానే ఇంటికి ఫోను కలిపాను. ఆయన అడ్డు చెప్పలేదు. చాలాసేపు మోగింది. పెట్టేసి మళ్ళీ చేశాను, మళ్ళీ మోగింది. బయలుదేరిపోయారా? సిలిండర్లు దొరికాయా? దొరికి ఉంటే దారిలోనే ఆపు, వెనక్కి తీసుకురా, అన్నయ్యను కుదుపుల్లో తిప్పకు.

ఈ ఉత్తరం మీరు లేని ఇంటికి వస్తుందేమో. వ్యాను హారను కొడుతోంది. మళ్ళీ రాస్తాను. ఎన్నాళ్ళ తర్వాతో ఇవాళ ఆకలేసింది వదినా.

నీ ఆడపడుచు


ఇంటి నుంచి

లెక్కలమ్మకు,

మీ అన్నయ్య పోయారు. నీకు ఇలా రాయాల్సి వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు.

ఆయన పోయే ముందు రోజు చీకటి పడ్డాక కరెంటు పోయింది. సిలిండరు తెల్లారేదాకా వచ్చింది. తర్వాత దాని మీటరు ముల్లు కిందికి దిగిపోయింది. వీధిలోకి పరిగెత్తి ఉన్న తలుపులన్నీ కొట్టాను. డాక్టరు ఇంటికి, వెళ్ళకుండా ఉండిపోయిన పక్కింటి ముసలాయనను పంపాను, ఆయన కర్రతో ఎంత త్వరగా నడవగలడు. వెనక్కొచ్చి మీ అన్నయ్య తల నా భుజానికి చేర్చుకుని కూర్చున్నాను. పడుకుంటే గాలి ఆడదు కదా, గోడకు ఆనుకుని సగం కూర్చోబెట్టి పట్టుకున్నాను.

ఫోను మోగింది. విన్నాను. ఆయనా విన్నారు. కళ్ళతోనే ఫోను వైపు చూపించి, "చెల్లి" అన్నారు. లేచి తీయాలంటే ఆయనను కిందికి దించాలి. దించితే మళ్ళీ ఎత్తేలోపు ఏమవుతుందోనని దించలేదు. ఆగింది. మళ్ళీ మోగింది. రెండోసారి మోగుతుండగానే ఆయన బరువు మారింది. నాకు తెలిసిపోయింది. అయినా లేవలేదు. అది మోగి మోగి ఆగిపోయింది.

నీ ఉత్తరం వచ్చాక తెలిసింది ఏం చెబుదామని చేశావో. తీసి ఉంటే ఆయన వినేవారు. వినివుంటే ఇంకో నాలుగు ఊపిర్లు తీసుకునేవారని కాదు. భయం లేకుండా పోయేవారు. ఆఖరి మాటగా నిన్ను తలుచుకున్నారు, నువ్వేం చెప్పావో వినకుండా పోయారు.

మోయడానికి నలుగురు దొరకడమే గగనమైంది. డాక్టరూ, ముసలాయనా, నేనూ, దారినపోతూ ఆగిన ఎవరో ఒకాయనా. నీకు కబురు చెప్పడానికి ఫోను దగ్గరికి వెళ్ళాను. చెయ్యి పెట్టలేకపోయాను.

మీ వదిన


కొండ మీది నుంచి

వదినా,

ఏ ముఖం పెట్టుకుని రాయాలో తెలియక రెండు వ్యాన్లు ఖాళీగా పంపాను.

పెద్దాయనకు అంతా చెప్పేశాను. ఊరికి గీత సంగతి రాసింది నేనేనని, ఆ మాటతోనే ఊరు ఖాళీ అయిందని, అందులో మా అన్నయ్య పోయాడని. నన్ను లెక్కల నుంచి తప్పించారు. ఇక్కడి నుంచి ఎప్పుడు పంపేస్తారో ఇంకా చెప్పలేదు. పంపకపోయినా నేనిక్కడ ఉండలేను.

రాయి మొన్న దాటిపోయింది. మేము చెప్పిన చోటి నుంచే, చెప్పిన వేళకే. ఇక్కడందరూ కేకు కోసుకున్నారు. భూమి లాగిన లాగుడుకు దాని దారి వంగింది, ఇక మా లెక్కకు అందినంత కాలం మన ఛాయలకు రాదు. అది రాకుండానే మనింట్లో మనిషిని తీసుకుపోయింది. రాయి కాదు, నేను. నేను ఏమీ రాయకపోయి ఉంటే కొట్టాయన కొట్లో ఉండేవాడు, తీగల మనుషులు ఊళ్ళో ఉండేవారు, అన్నయ్య కిటికీ దగ్గర కూర్చుని ఉండేవాడు. మరి రాయకుండా ఉండి, అది నిజంగా పడి ఉంటే? ఈ రెండు మాటల మధ్య కొట్టుకుంటున్నాను. ఏ లెక్కకూ తెగడం లేదు.

నా మీద కోపంగా ఉందా? ఉన్నా లేకపోయినా రాయి. నువ్వు రాయకపోతే నాకు ఇంకెవరూ లేరు.

నీ ఆడపడుచు


ఇంటి నుంచి

లెక్కలమ్మకు,

జనం తిరిగొస్తున్నారు. బేకరీ తెరిచారు. కరెంటు నిలకడగా ఉంటోంది. పగలల్లా బల్బు వెలుగుతూనే ఉంటే చూడబుద్ధి కాక ఆర్పేస్తున్నాను.

నిన్న కొట్టాయన వచ్చాడు. అతనికి తెలియదు. లారీ దిగినవాడు దిగినట్టే నిండు సిలిండరు భుజాన పెట్టుకుని మెట్లెక్కి, రొప్పుతూ, "అయ్యగారికి ఆలస్యం చేశానమ్మా" అన్నాడు. నేను పక్కకు తప్పుకున్నాను. లోపలికొచ్చి ఖాళీ మంచం చూశాడు. సిలిండరు దించడం కూడా మర్చిపోయి అలాగే నిలబడిపోయాడు. దించు, నడుం పోతుంది అన్నాను. దించి, నేల మీద కూలబడి ఏడ్చాడు. అతని చిన్న కూతురు గుమ్మంలో నిలబడి చూస్తోంది, నాలుగేళ్ళుంటాయేమో. ఆ పిల్లను చూశాక అతన్ని ఏమని అడగను? ముందు అతనికి టీ పెట్టిచ్చాను. అతను వెళ్ళాక గిన్నె గోడకేసి కొట్టాను.

కోపంగా ఉందా అని అడిగావు. ఉంది. అతని మీద కన్నా నీ మీద ఎక్కువ ఉంది. నీ మీద కన్నా నా మీద ఎక్కువ ఉంది. లేదని రాస్తే నువ్వు నమ్మవు, నేను రాయలేను. రాయకుండా ఉండాల్సిందా అని నన్ను అడగకు. నువ్వు దాచి ఉంటే, తర్వాత తెలిసి ఉంటే, అప్పుడు నీ ముఖం చూసేదాన్ని కాదు. చెప్పావు కాబట్టి చూడలేకపోతున్నాను. నీకు ఏ దారీ మిగల్చలేదు, నాకు తెలుసు. తెలిసినా కోపం పోవడం లేదు.

నీ ఉత్తరాలు ఇంక వద్దు. నువ్వు రా. ఈ కోపం కాగితం మీద తీరేది కాదు, ఎదురుగా నిన్ను కూర్చోబెట్టుకుని తిట్టాలి. నువ్వు తిరిగి నన్ను అనాలి, సిలిండర్ల కోసం ఎందుకు నోరు జారావని, ఫోను ఎందుకు తీయలేదని. ఆ మాటలు నన్ను అనే హక్కు ఈ లోకంలో నీకొక్కదానికే ఉంది. ఇంకెవరన్నా నేను పడను.

వచ్చే వ్యానులో దిగు. నీ గది తలుపు తీసే ఉంచాను.

మీ వదిన